ట్రాలీ చక్రం

చిలకలూరిపేట

ఒరేయ్ మామా,

నీకు సెక్షన్ ఇన్‌చార్జి ఇచ్చారని విని ఎంత సంతోషమేసిందో! కానీ ఆ వెంటనే "నలభై మంది రా, వాళ్లతో ఎలా నెగ్గుకు రావాలో తెలియట్లేదు, టెన్షన్‌గా ఉంది" అన్నావే, ఆ మాట రాత్రంతా నా చెవిలోనే ఉంది. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను. ఇవాళ నాకు వీక్లీ ఆఫ్. తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

నేను మొదట పనిచేసిన స్పిన్నింగ్ మిల్లు సంగతి నీకెప్పుడూ పూర్తిగా చెప్పలేదు. నూలు వడికే మిషన్లుండే రింగ్ ఫ్రేమ్ సెక్షన్‌లో షిఫ్ట్ సూపర్‌వైజర్‌గా చేరాను. అక్కడ ఒక సైడరు, అంటే ఫ్రేము చూసుకుంటూ తెగిన పోగులు అతికే మనిషి, ఉండేది, మా పెద్దక్క వయసు. తన ఫ్రేము మీద ట్యూబ్‌లైటు వెలగడం లేదని, తెగిన పోగు కనపడక అతకడానికి అవస్థ పడుతున్నానని చెప్పింది. "చూస్తానమ్మా" అన్నాను. మూడు రోజులకు మళ్లీ చెప్పింది, మళ్లీ అదే అన్నాను. ఇంకోసారి కూడా చెప్పింది. ఆ తర్వాత అడగలేదు. నేనూ మర్చిపోయాను.

ఆ నెలలోనే రాత్రి షిఫ్ట్‌లో, నూలు చుట్టి నిండిన కండెలు, అదే కాప్‌లు, తోసుకెళ్లే ట్రాలీకి చక్రం ఊడింది. బండి ఒరిగి, ఫ్రేము నుంచి ఆ కాప్‌లు తీసే డాఫింగ్ కుర్రాడి పాదం మీద పడింది. రెండు వేళ్లు విరిగాయి. ఇరవై ఏళ్లు కూడా లేవు వాడికి, ఒడిశా నుంచి వచ్చి ఆర్నెల్లయింది. ఆసుపత్రి వరండాలో మిగతావాళ్లని అడిగితే, ఆ చక్రం వదులైందని వారం రోజులుగా సెక్షన్ మొత్తానికీ తెలుసట. తెలియనిది నాకే. ఎందుకు చెప్పలేదంటే ఒకతను తల దించుకుని, "లైటు సంగతి చూశాం కదా సార్" అన్నాడు.

మామా, ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ఎవరూ ఏమీ అడగట్లేదు కాబట్టి సెక్షన్ ప్రశాంతంగా ఉందనుకున్నాను. వాళ్లు నా మీద ఆశ వదిలేసుకున్నారని తెలుసుకోలేకపోయాను. మర్నాడు స్టోర్స్‌కి వెళ్లి ట్యూబ్‌లైటు తెచ్చి వేయిస్తే అరగంటలో అయిపోయింది. అరగంట పని రా అది!

అప్పటినుంచి జేబులో చిన్న పుస్తకం ఒకటి పెట్టుకుంటున్నాను. ఎవరేం చెప్పినా వాళ్ల ఎదుటే తేదీ వేసి రాస్తాను. మర్నాడు షిఫ్ట్ మొదలవగానే వాళ్లు నన్ను వెతుక్కుంటూ రాకముందే నేనే వెళ్లి ఏమైందో చెబుతాను. పని అయిందని చెప్పడం తేలికే. పైవాళ్లు ఒప్పుకోలేదని చెప్పడమే కష్టం, అయినా చెప్పాలి. కారణంతో సహా "లేదు" అని చెప్పిన రోజు నా మీద ఎవరూ అలగలేదు. మొదటి నెల మాత్రం ఎవరూ నమ్మలేదు, పుస్తకం తీస్తే మొహాలు చూసుకునేవాళ్లు. ఓపిక పట్టాలి.

పాల్ ఓనీల్ అని ఒకాయన గురించి చదివాను. 1987లో అల్కోవా అనే అమెరికా అల్యూమినియం కంపెనీకి సీఈఓగా వచ్చాడు. మదుపర్ల మొదటి సమావేశంలో లాభాల ఊసు పక్కన పెట్టి కార్మికుల భద్రత గురించి మాట్లాడాడు. ఎవరికి దెబ్బ తగిలినా 24 గంటల్లో తనకు తెలియాలని, మళ్లీ జరక్కుండా ఏం చేస్తారో కూడా చెప్పాలని రూలు పెట్టాడు. ఆ రూలు వల్ల ఏమైందో చూడు: పైవాళ్లకు అంత త్వరగా కబురు అందాలంటే మేనేజర్లు ఫోర్‌మన్లతో, ఫోర్‌మన్లు మిషను దగ్గరి మనిషితో రోజూ మాట్లాడక తప్పలేదు. తన ఇంటి ఫోన్ నంబరు కూడా కార్మికులకు ఇచ్చాడాయన. అరిజోనా ప్లాంటులో ఒక కుర్రాడు మిషను తగిలి చనిపోతే, అధికారులని కూర్చోబెట్టి ఆ చావుకు కారణం మనమేనన్నాడు. గాయాల వల్ల పోయే పనిదినాలు ఏడాదికి వందమందికి 1.86 ఉండేవి, 2000 నాటికి 0.2కి తగ్గాయి. ఆ కుర్రాడి సంగతి చదువుతుంటే నాకు మా ట్రాలీయే కళ్ల ముందు తిరిగింది.

ఇంకో సంగతి. వాళ్ల మాట పైకి మోయడం కూడా మన పనే. ఇప్పుడున్న మిల్లులో ఎండాకాలం తాగే నీళ్లు వేడిగా ఉంటున్నాయని ఆడవాళ్లు చెప్పారు. ఆఫీసులో అడిగితే బడ్జెట్ లేదన్నారు. 250 మందికి మించి పనిచేసే చోట వేసవిలో నీళ్లు చల్లబరిచే ఏర్పాటు ఉండాలని అప్పుడు అమల్లో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టంలోనే ఉండేది. ఆ పేజీ జిరాక్స్ తీసి మర్యాదగానే బల్ల మీద పెట్టాను. రెండు వారాల్లో కూలర్ వచ్చింది. మొదటి గ్లాసు నాకే తెచ్చిచ్చారు రా.

పేర్లు నేర్చుకో. బయటి రాష్ట్రాల వాళ్లని "ఏయ్, ఒడియా" అని పిలిస్తే అక్కడికక్కడే ఆపు. ఎవరినైనా మందలించాలంటే పక్కకు పిలిచి చెప్పు, మెచ్చుకోవాలంటే పదిమందిలో మెచ్చుకో. ఇవన్నీ నీకు నేను చెప్పాలా, చిన్నప్పటినుంచీ నీ మనసు తెలుసు నాకు.

సోమవారం చార్జి తీసుకోగానే ముందు రాత్రి షిఫ్ట్‌కి వెళ్లు. రాత్రి పూట వాళ్ల దగ్గరికి పెద్దగా ఎవరూ వెళ్లరు. టీ తాగుతూ కూర్చుని, పనిలో ఏది ఇబ్బందిగా ఉందో అడుగు. ఎవరో ఒకరు చిన్న సంగతే చెబుతారు, లైటో, ఫ్యానో. ఆ చిన్నది మర్నాటికల్లా చేయించి, ఏం జరిగిందో నాకు రాయి. అత్తయ్యని అడిగానని చెప్పు.

నీ మామ