రాళ్లకూ ఒక అడంగల్ కావాలి

సంపాదకుడు గారికి,

గుట్టల మీద గుప్తనిధుల కోసం తవ్వుతూ ముఠా పట్టుబడిందన్న వార్త నెల్లూరు, ప్రకాశం జిల్లా పేజీల్లో తరచూ కనిపిస్తుంటుంది. బంగారం దొరికిందా లేదా అన్నదాని మీదే మాటలన్నీ. ఆ తవ్వకంలో పగిలిన నంది గురించో, పెకలించి పారేసిన శాసనం గురించో అడిగేవాళ్లుండరు. అడిగినా, పొలాల వివరాలకు అడంగల్ ఉన్నట్టు, అక్కడ ఏమేం ఉండేవో రాసిపెట్టిన కాగితం ఉంటే కదా చెప్పడానికి!

దొనకొండ మండలం చందవరం సంగతి చూడండి. గుండ్లకమ్మ ఒడ్డున ఉన్న ఆ బౌద్ధ క్షేత్రం 1964లో వెలుగులోకి వచ్చింది. బుద్ధుణ్ణి కొలుస్తున్న భక్తులను చెక్కిన సున్నపురాతి ఫలకం, క్రీ.శ. 3వ శతాబ్దానిది, అక్కడి నుంచి దొంగల చేతుల మీదుగా న్యూయార్క్ వ్యాపారి దగ్గరికి చేరింది. 2005లో ఆస్ట్రేలియా నేషనల్ గ్యాలరీ దాన్ని 5,95,000 డాలర్లు పోసి కొంది. 2016లో భారతదేశానికి తిరిగి అప్పగించింది. ఊరికే ఇవ్వలేదు లెండి. ఫలకం మన దగ్గర ఉండగా తీసిన ఫొటో బయటపడింది, ఇక ఇవ్వక తప్పలేదు. ఫొటో లేని రాయి పోతే ఏం చూపించి మనదంటాం?

నెల్లూరు దగ్గర రాతిగుట్ట పక్కన ఒక రైతు దున్నుతుంటే నాగలికి ఇటుక కట్టడం తగిలిందని, మద్రాసు మాజీ గవర్నరు డేవిడ్సన్ 1787లో ఒక లేఖ రాశాడు. తవ్వితే చిన్న గుడి శిథిలం, దాని కింద ముంతలో రోమన్ బంగారు నాణేలు. ట్రాజన్, హేడ్రియన్ చక్రవర్తులవి, ఫాస్టినా రాణివి. రైతు పాత బంగారం కింద అమ్మేశాడు, చాలా వరకు కరిగిపోయి ఉంటాయి. ఆర్కాటు నవాబు కొడుకు ముప్పైకి పైగా రాబట్టగలిగాడు. అంతా రాసిన డేవిడ్సన్ ఆ ఊరి పేరు మాత్రం రాయలేదు! సర్వే శాఖలో పనిచేసి రిటైరైనవాణ్ణి కాబట్టి నాకు అన్నిటికంటే బాధ కలిగించేది అదే.

ఉదయగిరిని గెలిచి అక్కడి బాలకృష్ణుణ్ణి హంపికి తీసుకెళ్లిన కృష్ణదేవరాయలైనా, ఎక్కణ్ణుంచి తెచ్చాడో శాసనం వేయించి మరీ చెప్పాడు.

ఆఫ్రికా వాళ్ల అనుభవం కూడా ఇదే. 1897లో బ్రిటిష్ సైన్యం ఇప్పటి నైజీరియాలో ఉన్న బెనిన్ రాజ్యాన్ని కొల్లగొట్టి ఇత్తడి ఫలకాలు, ఏనుగు దంతపు బొమ్మలు ఎత్తుకుపోయింది. వందకు పైగా మ్యూజియాల్లో చెల్లాచెదురైన 5 వేల పైచిలుకు వస్తువుల వివరాలు 'డిజిటల్ బెనిన్' అనే వెబ్‌సైటులో 2022లో ఒకచోటికి చేరాయి. ఏ బొమ్మ ఎక్కడుందో ఇప్పుడు నైజీరియా పిల్లలు కూడా చూడగలరు.

మనమో? కనిగిరి వైపు ఒక పల్లెలో గొడ్ల కొట్టం ముందు శాసనపు బండ పరిచి ఉండటం సర్వేకి వెళ్లినప్పుడు చూశాను. గిట్టల కింద అక్షరాలు అరిగిపోయాయి. గోడ వారగా పైన సూర్యచంద్రులు, కింద రెండు మూడు వరుసలు మాత్రం పేడ తుడిస్తే చేతికి తగులుతున్నాయి. ఆ ఇంటాయన్ని ఏమనగలం? అదేమిటో ఆయనకు చెప్పిన నాథుడు లేడు.

గ్రామ సచివాలయాల్లో సర్వేయర్లున్నారు, చేతిలో స్థలాన్ని కచ్చితంగా గుర్తించే రోవర్లున్నాయి. ఊళ్లోని శాసనాలు, వీరగల్లులు (వీరుల గుర్తుగా నిలిపిన రాళ్లు), పాత విగ్రహాలకు పక్కన స్కేలు పెట్టి నాలుగు వైపులా ఫొటోలు తీయించి, సర్వే నంబరుతో సహా గ్రామ పటంలో ఎక్కించమని ఈ జిల్లాల కలెక్టర్లనూ, పురావస్తు శాఖనూ కోరుతున్నాను. శాసనాలకు మిట్టమధ్యాహ్నం ఫొటో తీస్తే అక్షరం కనపడదు, పొద్దుటి ఏటవాలు ఎండలో తీయాలి. పంచలోహ విగ్రహాలు ఎక్కడున్నాయో మాత్రం ఆఫీసు దాటి బయటికి రాకూడదు. లేకపోతే దొంగలకు మనమే దారి చూపినట్టవుతుంది.

పని ఎక్కడ మొదలుపెట్టాలన్న సందేహం అక్కర్లేదు. అప్పటి అధికారులు బటర్‌వర్త్, వేణుగోపాల్ చెట్టి కలిసి నెల్లూరు జిల్లా శాసనాలను 1905లోనే మూడు సంపుటాలుగా అచ్చు వేయించారు. కందుకూరు, కనిగిరి, పొదిలి, దర్శి, ఒంగోలు శాసనాలూ అందులో ఉన్నాయి. ముందు ఆ జాబితా పట్టుకుని ఊళ్లు తిరిగి, ఏవి ఉన్నాయో ఏవి పోయాయో అధికారులు రాస్తే, దాన్ని మీ పత్రికలోనే వేయండి.

ఇట్లు,
ఒక విశ్రాంత సర్వేయరు, ఒంగోలు