పన్ను జోలికి మాత్రం పోకండి

ఒరేయ్ బావా,

జవాబు ఆలస్యమైంది, తిట్టుకో. ఇక్కడ అందరూ కులాసా, కొబ్బరి దింపు అయిపోయింది. అంతే. అసలు సంగతికి వస్తా.

అత్తయ్యకి ఇంకో పన్ను పీకిస్తారా? ఆపండ్రా బాబూ! ముఖం కడిగినా, గాలి తగిలినా షాక్ కొట్టినట్టు క్షణాలపాటు లాగి వదిలే నొప్పి పంటిది కాదు, ముఖానికి స్పర్శనిచ్చే ట్రైజెమినల్ నరానిది. నువ్వు పంపిన ఎమ్మారై చూశా. నరం మెదడు కాండాన్ని కలిసేచోటే ధమని ఒరుసుకుని ఉంది. అది కొట్టుకున్నప్పుడల్లా నరం పైపొర అరుగుతుంది.

ఈ నరం నొప్పికి వాడుతున్న కార్బమజెపిన్ మాత్ర ఒక్కసారిగా ఆపొద్దు. తూలుతోందన్నావుగా, మోతాదు ఎక్కువైనా తూలుతారు, సోడియం పడిపోయినా తూలుతారు. రక్తపరీక్ష చేయించు.

ఇక ఆపరేషన్. మైక్రోవాస్కులర్ డీకంప్రెషన్ అంటారు. చెవి వెనక ఎముకలో పదిరూపాయల బిళ్లంత కన్నం చేసి, ధమనిని నరం మీంచి తప్పించి, మధ్యలో టెఫ్లాన్ దూది పెడతారు. నరాన్ని కొయ్యరు, అదీ దీని గొప్ప. అమెరికా న్యూరోసర్జన్ జానెట్టా బృందం 1996లో 1185 మంది లెక్క ప్రచురించింది. పదేళ్లకి 70 శాతం మందికి మందుల్లేకుండానే నొప్పి లేదు. ఒక శాతానికి ఆ వైపు చెవుడొచ్చింది, ఇద్దరు పోయారు. మావయ్యగారికి ఈ ప్రమాదాల సంగతి కూడా చెప్పు, దాచకు. తిరగబెడితే ఎక్కువగా మొదటి రెండేళ్లలోనే. ఎనిమిదేళ్లు దాటేదాకా నాన్చినవాళ్లకి ఆ భయం ఇంకా ఎక్కువ, అందుకే నా కంగారు.

గుండె తట్టుకోదంటే బెలూను ఉంది. నోటి మూల పక్కనుంచి, బుగ్గలోంచి సూది పోనిచ్చి, పుర్రె అడుగు కన్నం దగ్గర బెలూను ఉబ్బించి నరాన్ని ఒక నిమిషం నొక్కుతారు. ఎక్స్‌రేలో అది బేరిపండు ఆకారంలో కనబడాలి, లేకపోతే సరిగ్గా నొక్కినట్టు కాదు. ఉపశమనం వెంటనే. కానీ ముఖం తిమ్మిరెక్కుతుంది, కొన్ని వారాలు నమలడం కష్టం. అప్పుడిక ఆత్రేయపురం పూతరేకులే గతి! గామా నైఫ్ అని రేడియేషన్‌తో చేసేదుంది, దానికి కోత లేదు గానీ, గుణం కనబడ్డానికి వారాలు, ఒక్కోసారి నెలలు. అత్తయ్య అన్నాళ్లు ఓర్చుకుంటుందా అన్నది...

సర్జన్‌ని మొహమాటపడకుండా అడుగు, ఏడాదికి ఇవి ఎన్ని చేస్తారని. చేయి తిరిగినచోటే ఫలితం బాగుంటుంది.

ఇంకోటి, ఆపరేషనయ్యాక ముక్కులోంచి నీళ్లలా కారితే జలుబనుకోవద్దు, మెదడు చుట్టూ ఉండే ద్రవం కావచ్చు, వెంటనే చూపించాలి. అదిగో, రాజోలు బస్సు హారన్ కొడుతున్నాడు, ఉత్తరం వాడి చేతికే ఇస్తున్నా. సోడియం మర్చి

— నీ బావ