2024–25 వార్షిక నివేదిక: కార్యదర్శి మాట

గౌరవ సభ్యులందరికీ నమస్కారం.

ఈ ఏడాది మన కాలనీ సంఘం కార్యవర్గం పదిసార్లు సమావేశమైంది. రెండుసార్లు కోరం లేక టీ తాగి ఇళ్ళకు వెళ్ళాం. డ్రైనేజీ పూడిక తీత, వినాయక చవితి, ముగ్గుల పోటీ యథావిధిగా జరిగాయి. బహుమతులిచ్చిన రెండో వీధి దంపతులకు, పులిహోర కలిపిన మహిళా సభ్యులకు, కుర్చీలకు అద్దె తీసుకోని టెంట్‌హౌస్ వారికి కృతజ్ఞతలు. వీధి దీపాల గురించి సంబంధిత కార్యాలయానికి నాలుగు అర్జీలిచ్చాం. నాలుగుసార్లూ 'నోట్ చేసుకున్నాం' అన్నారు. ఆ నోటు పుస్తకం ఎంత లావుందో ఒకసారి చూడాలని ఉంది.

ఇక చింటూ సంగతి. అక్టోబర్ 31, దీపావళి రాత్రి మూడో వీధి టీచరమ్మగారింట్లో పిల్లలు దివిటీలు కొట్టడానికి గేటు తీశారు. అదే సమయానికి పక్కసందులో లక్ష్మీ బాంబు పేలింది. వాళ్ళ కుక్క చింటూ బయటికి దూకి పరుగే పరుగు. పొద్దున స్నానం చేయించినప్పుడు తీసిన బెల్టు మళ్ళీ వేయలేదట. మైక్రోచిప్ ఉందిగా, ఫోన్‌లో కనబడదా అని చాలామంది అడిగారు. అది చర్మం కింద బియ్యపు గింజంత ఉంటుంది, అందులో 15 అంకెల నంబరు తప్ప ఏమీ ఉండదు. కుక్క దొరికాక స్కానర్ దగ్గర పెడితేనే చదువుతుంది. దాని జాడ మాత్రం చెప్పదు.

వాట్సాప్‌లో 'మేమున్నాం' అని బొటనవేళ్ళు పెట్టినవారు పద్నాలుగు మంది. తెల్లవారుజామున టార్చీలతో వచ్చింది ముగ్గురు. ఆ ముగ్గురిలో ఇద్దరు ఇంటర్ పిల్లలు. పెద్దలు గమనించగలరు.

పోస్టర్లు వేయించి ఎంవీపీ రైతుబజార్ గోడ నుంచి అప్పూఘర్ దాకా అంటించాం. ఫోన్ నంబరులో ఒక అంకె తప్పు పడింది. ప్రూఫు చూసింది నేనే. ఫోన్లన్నీ గాజువాకలో ఎవరో ఒకాయనకు వెళ్ళాయి. ఆయన విసుక్కోకుండా, పెదజాలారిపేట నుంచి చేసిన అబ్బాయి చెప్పిన గుర్తులు రాసుకుని, పోస్టర్ మీద మన సంఘం పేరు చదివించుకుని, ఆదివారం బండేసుకుని స్వయంగా వచ్చారు. ఆఫీసుకు తాళం. ఆ పూట డ్యూటీ ఎవరిదో వారికి తెలుసు. వాచ్‌మన్‌కు చీటీ ఇచ్చి వెళ్ళిపోయారు.

మంగళవారం నాగుల చవితి. మన వైజాగ్‌లో ఆ రోజు మళ్ళీ టపాసులే. ఆ మోత మొదలైతే ఇక దొరకదని టెన్షన్. ఆ చీటీ పట్టుకుని సోమవారం చీకటి ఉండగానే పెదజాలారిపేట వెళ్ళాం. ఒడ్డున పడవ నీడలో, చుట్ట చుట్టిన వలల మధ్య రెండు కళ్ళు మెరిశాయి. ఒక పిల్లవాడు 'చింటూ' అని అరిచాడు, అది ఇంకా లోపలికి దూరింది. భయపడ్డ కుక్క సొంత మనిషి పిలిచినా పోల్చుకోదు, వెంటపడితే ఇంకా పారిపోతుంది. టీచరమ్మగారు తన పాత చీర ఇసుక మీద పరిచి, వీపు తిప్పుకుని కూర్చున్నారు, పెరుగన్నం డబ్బా మూత తీసి. దాదాపు నలభై నిమిషాలు. ముందు దాని ముక్కు చీర కొంగు దగ్గరకొచ్చింది, తర్వాత ఆవిడ మోచేతికి తగిలింది. ఆవిడ ఏడ్వలేదు, 'అన్నం తిను' అన్నారు. మేమే అటు తిరిగి సముద్రం చూశాం.

మూడు రోజులుగా దానికి చేప తలలు వేసిన పేట అమ్మకు టీచరమ్మగారు ఐదు వేలు ఇచ్చారు. ఆవిడ మొహమాటపడకుండా తీసుకుంది. మంచి పని.

కుక్కల గొడవ సంఘానికెందుకని అడిగిన సభ్యులు 2023 జంతు జనన నియంత్రణ నిబంధనలు ఒకసారి చూడాలి. వీధి కుక్కలకు తిండి పెట్టే ఏర్పాటు కూడా కాలనీ సంఘాల మీదే పెట్టారు.

జమాఖర్చులు నోటీసు బోర్డులో ఉన్నాయి. పోస్టర్లు, ఆటో ఖర్చు 640 రూపాయలకు రసీదు లేదని కోశాధికారిగారి అభ్యంతరం. అది నా జేబు నుంచి కట్టేశాను. బకాయిలు ఉన్నవారు ఈ నెలాఖరులోగా చెల్లించగలరు.

రైతుబజార్ గోడ మీద పాత పోస్టర్లు ఇంకా ఉన్నాయి. అటు కూరలకు వెళ్ళేవారు దయచేసి పీకేయండి. గాజువాక ఆయనకు ఇప్పటికీ ఫోన్లు వస్తున్నాయట.