డ్రిల్లు కొనే ముందు గోడ ఏదో చూడండి

సంపాదకులు గారికి,

దసరా ఆఫర్ల గురించి ఈ మధ్య మీ పత్రికలో ఇంటి సంగతుల పేజీలో రాస్తూ, గోడ పనులకు డ్రిల్లు మిషన్ కొనేవాళ్లు వాట్లు ఎక్కువున్నది తీసుకుంటే సరిపోతుందని సలహా ఇచ్చారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. నేను భూపాలపల్లి బొగ్గు గనుల్లో ఎలక్ట్రీషియన్‌గా చేసి రిటైరయ్యాను. ఇప్పుడు హన్మకొండలో వడ్డేపల్లి వైపు ఉంటున్నాను. మా వాడకట్టులో టీవీ స్టాండ్ బిగించాలన్నా, కోతులు రాకుండా బాల్కనీకి జాలీ పెట్టించాలన్నా ముందు నన్నే అడుగుతారు. వాట్లు చూసి కొన్న మిషన్లు ఎన్ని అటకెక్కాయో నాకు తెలుసు.

వాట్లంటే మిషన్ ఎంత కరెంటు గుంజుతుందో చెప్పే లెక్క. గోడను ఎంత గట్టిగా కొడుతుందో అది చెప్పదు. చౌక మిషన్ల డబ్బా మీద 1,200 అని పెద్దక్షరాల్లో వేస్తారు. అందులో ఎంత పనికొస్తుందో, ఎంత వేడిగా పోతుందో అడిగేవాడు ఉండడు. "సార్, ఇది పన్నెండొందల వాట్లది, గోడ కాదు గుట్టకే బొక్క వడ్తది" అని మొన్న చౌరస్తాలో ఒక దుకాణం పిల్లగాడు నా ముందే ఒకాయనకు చెప్పాడు. ఆయన ఇల్లు ఎట్లాంటిదో, ఏం బిగించుకుంటాడో మాత్రం అడగలేదు.

గోడకు కొట్టే మిషన్లు రెండు రకాలు. దుకాణంలో రెంటినీ హ్యామర్ అనే అమ్ముతారు. మొదటిది ఇంపాక్ట్ డ్రిల్లు. దాని లోపల పళ్లున్న రెండు ఉక్కు బిళ్లలు ఒకదాని మీద ఒకటి జారుతూ టకటకలాడతాయి. నిమిషానికి 40 వేల దెబ్బలని రాసి ఉంటుంది. నిజమే, కానీ ఒక్కో దెబ్బ చాలా చిన్నది. అసలు బలం వెనక నుంచి నెట్టేవాడి భుజానిది. రెండోది రోటరీ హ్యామర్. దాంట్లో పిస్టన్ గాలిని నొక్కితే, ఆ గాలి ఒక ఉక్కు ముక్కను విసిరి, గోడలోకి దిగే ఉక్కు కడ్డీ అంటే బిట్టు వెనక కొట్టిస్తుంది. దెబ్బలు నిమిషానికి నాలుగైదు వేలే. అయితే ఇంట్లో వాడే రెండు కిలోల రకం కూడా ఒక్కో దెబ్బకు రెండు జౌల్స్, ఆ పైన ఇస్తుంది; జౌల్ అంటే దెబ్బ శక్తిని కొలిచే లెక్క. కిలో బాటును జానెడు ఎత్తు నుంచి బిట్టు మీద వదిలితే ఎంతో అంత, అదీ సెకనుకు డెబ్బై ఎనభై సార్లు. భుజం పెట్టి నెట్టే పని లేదు, ఆనించి పట్టుకుంటే చాలు. ఇదేం కొత్త విద్య కాదు, జర్మనీలో బాష్ కంపెనీ 1932లోనే కరెంటు హ్యామర్ తెచ్చింది. కాబట్టి డబ్బా మీద వెతకాల్సింది జౌల్ అంకె. ఆ అంకె లేదంటే అది చాలావరకు టకటకలాడే రకమే అయి ఉంటుంది.

మరి అందరూ రోటరీయే కొనాలా? అక్కర్లేదు. ఎర్ర ఇటుక గోడకు, ఫ్లైయాష్ ఇటుక గోడకు 6 ఎంఎం, 8 ఎంఎం బొక్కలు కొట్టడానికి బిట్టును పట్టుకునే చక్కు 13 ఎంఎం ఉన్న మామూలు ఇంపాక్ట్ డ్రిల్లు హాయిగా సరిపోతుంది. ఫొటోలు, గడియారం, గోడకు తగిలించే అల్మారీ, మంచినీళ్ల ఫిల్టరు, ఇవన్నీ దాంతో అయిపోతాయి. కొత్త అపార్ట్‌మెంట్లలో తెల్లటి తేలిక దిమ్మలతో గోడలు లేపుతున్నారు. వాటికైతే హ్యామర్ మీట అసలు వేయొద్దు. ఉత్త తిప్పుడుతోనే బొక్క పడుతుంది, కొడితే వెడల్పై, స్క్రూ పట్టడానికి బొక్కలో దూర్చే ప్లాస్టిక్ గిట్టీ ఊడి చేతికొస్తుంది. మట్టెవాడ, గిర్మాజీపేట వైపు పాత ఇండ్లలో మట్టితో, డంగుసున్నంతో కట్టిన గోడలున్నాయి. అక్కడ రోటరీ పెడితే రాయి రాయికీ మధ్య సందు కదులుతుంది. రాయి గానీ ఇటుక గానీ, దాని నడుమ చూసుకొని మెల్లగా తిప్పుకోవాలి.

చిక్కంతా కిటికీ దగ్గర వస్తుంది. పరదా కడ్డీ బిగించడమంటే ఎవరికైనా చిన్న పనిలాగే కనిపిస్తుంది. కానీ కడ్డీ క్లాంపు పడే చోటు సరిగ్గా కిటికీ పైనుండే కాంక్రీటు దూలం, అంటే లింటెల్ మీద. లింటెల్ కిటికీ వెడల్పుతో ఆగదు, రెండు పక్కలా గోడలోకి ఇంకో అర అడుగైనా పోతుంది. కొన్ని ఇండ్లలో గోడ చుట్టూ పట్టీలా పోస్తారు. అంటే ఇంట్లో అన్నిటికంటే తేలికైన వస్తువుకు అన్నిటికంటే గట్టి జాగాలో బొక్క కొట్టాలి. పైగా మన దిక్కు కంకర ఎక్కువగా గ్రానైట్ గుట్టలది. ప్లాస్టరింగ్ దాటేదాకా ఇంపాక్ట్ డ్రిల్లు బాగానే పోతుంది. ఆ తర్వాత బిట్టు కొనకు 20 ఎంఎం కంకర రాయి తగులుతుంది, అక్కడ ఆగిపోతుంది. పట్టుకున్నాయన ఇంకా గట్టిగా నెడతాడు. బిట్టు కొన ఎర్రబడుతుంది, కొనకున్న గట్టి కార్బైడ్ ముక్కను అతికించిన లోహం మెత్తబడి ముక్క ఊడిపోతుంది. లేదంటే బిట్టు రాయి పక్కకు జారి, వేసుకున్న గుర్తుకు కిందో పైనో బొక్క పడుతుంది, కడ్డీ వంకరగా కూర్చుంటుంది. అదే లింటెల్‌కు రోటరీ పెడితే నిమిషంలోపే పని తెములుతుంది. పిల్లర్లు, బీములు, స్లాబుకు ఫ్యాన్ కొండీ, ఏసీ స్టాండ్, కోతుల జాలీకి 10 ఎంఎం యాంకర్ బోల్టులు, వీటన్నిటికీ ఇదే మాట.

రోటరీ కొంటే నాలుగు సంగతులు గుర్తుంచుకోవాలి. దాని బిట్ల వెనక భాగం గాడులతో 10 ఎంఎం లావు ఉంటుంది, ఎస్‌డీఎస్ ప్లస్ అంటారు. చక్కులో పెట్టినాక బిట్టు కొంచెం ముందుకూ వెనక్కూ ఆడుతుంది. ఆడాలి కూడా, లేకపోతే దెబ్బ అందదు. "వదులుగా ఉంది, వేరేది ఇవ్వండి" అని వాపస్ తెచ్చినవాళ్లను చూశాను. లోపల క్లచ్ ఉందో లేదో అడగండి. స్లాబులో బిట్టు లోపలి ఇనుప సలాకకు తగిలి బిగుసుకుంటే క్లచ్ జారి మణికట్టును కాపాడుతుంది. సలాక తగిలిందని తెలిస్తే అక్కడే మొండికేయకుండా బొక్కను రెండంగుళాలు పక్కకు జరపాలి, కార్బైడ్ ఉన్నది రాయి కోసం, ఇనుము కోసం కాదు. బ్యాటరీ మిషన్ల మోజు కూడా పెరిగింది. 12 వోల్టుల బుడ్డ మిషన్ స్క్రూలకు మంచిదే, లింటెల్ దగ్గర దాని ఊసెత్తకండి. 18 వోల్టులదైనా లోపల గాలి పిస్టన్ ఉన్న రకమే కావాలి.

మీ రాతలో కరెంటు భద్రత గురించి ఒక్క ముక్కా లేదు, అదే నాకు ఎక్కువ కష్టమనిపించింది. బొగ్గు గనిలో చేత్తో పట్టుకొని వాడే కరెంటు డ్రిల్లుకు 125 వోల్టులు దాటకూడదని 1956 నాటి విద్యుత్ నిబంధనల్లోనే రాశారు. మనం ఇంట్లో గీజర్ కోసం తడి బాత్రూం గోడ మీద పట్టుకునేది 230 వోల్టుల మిషన్. నేమ్ ప్లేటు మీద చదరంలో ఇంకో చదరం గుర్తు ఉంటే దానికి డబుల్ ఇన్సులేషన్ ఉన్నట్టు, అది రెండు పిన్నులతోనే వస్తుంది. ఆ గుర్తు లేక మూడు పిన్నులతో వచ్చిన దానికి ఎర్తింగ్ తప్పనిసరి. సాకెట్‌లో పట్టడం లేదని మూడో పిన్ను విరిచేవాళ్లను ఏమనాలో నాకు తెలియదు. బోర్డులో కరెంటు లీకైతే సప్లై ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల స్విచ్, ఆర్‌సీసీబీ అంటారు, పెట్టించుకుంటే ఇల్లంతటికీ అండ. స్విచ్ బోర్డుకు నిటారుగా పైన, కింద, సమానంగా పక్కల బొక్క కొట్టొద్దు, వైర్ల పైపులు ఆ దారిలోనే పోతాయి.

దుమ్ము సంగతీ అంతే. ఇటుక, కంకర పొడిలో సిలికా ఉంటుంది. ఊపిరితిత్తుల్లో చేరితే బయటికి రాదు, గని కార్మికుల ఎక్స్‌రేలు చూసిన డాక్టర్లను అడగండి. మూతికి దస్తీ కట్టుకుంటే ఆ సన్నటి పొడి ఆగదు, కరోనా నాటి ఎన్95 మాస్కు ఇంకా ఉంటే అది పెట్టుకోవాలి. స్లాబుకు కొట్టేటప్పుడు ప్లాస్టిక్ గిన్నె అడుగున బిట్టు దూరేంత బొక్క చేసి తొడిగితే పొడి అందులోనే పడుతుంది, కళ్లకు అద్దాలు ఎలాగూ కావాలి. బొక్కలో మిగిలిన పొడిని సైకిల్ పంపుతో ఊదెయ్యాలి, లేకపోతే గిట్టీ బిగువుగా కూర్చోదు.

డబ్బుల మాటకొస్తే, పేరున్న కంపెనీ ఇంపాక్ట్ డ్రిల్లు మూడు వేలకు అటూ ఇటూ వస్తుంది, రోటరీకి దానికి రెట్టింపు పైనే పెట్టాలి. కొత్తిల్లు కట్టుకున్నవాళ్లు, పిల్లలకు వేరు కాపురం పెట్టేవాళ్లు రోటరీయే కొనుక్కోవచ్చు, చక్కు అడాప్టర్ పెట్టి హ్యామర్ ఆపితే చెక్కకు, రేకుకు కూడా పనికొస్తుంది. ఏడాదికి నాలుగు బొక్కలు కూడా అక్కర్లేని ఇంటికి ఏదీ కొనొద్దంటాను. రోటరీ కిరాయికి దొరుకుతుంది, మంచి కార్బైడ్ బిట్లు రెండు సొంతంగా ఉంచుకుంటే చాలు. కిరాయి మిషన్‌తో వచ్చే బిట్లు అరిగి మొద్దుబారి ఉంటాయి.

వరంగల్, హన్మకొండ దుకాణదారులకు మీ పత్రిక ద్వారా ఒక విన్నపం. స్లాబు పోసేటప్పుడు కాంక్రీటు పరీక్షకని 15 సెంటీమీటర్ల దిమ్మలు పోస్తారు. అలాంటి దిమ్మ ఒకటి, ఎర్ర ఇటుక ఒకటి కౌంటర్ పక్కన పెట్టండి. వాటిని కదలకుండా బిగించి, కొనడానికి వచ్చినాయన చేతికే మిషన్ ఇచ్చి 8 ఎంఎం బిట్టుతో రెండింటికీ కొట్టి చూడమనండి. ఒప్పుకోని దుకాణం ఉంటే, కొనేవాళ్లు పక్క దుకాణానికి పోవచ్చు.

ఇట్లు,
రిటైర్డ్ గని ఎలక్ట్రీషియన్,
వడ్డేపల్లి, హన్మకొండ.