‘కౌన్సెలర్ కావలెను’

సంపాదకులకు నమస్కారం.

సైకాలజీ చదివినవారికి పెద్ద నగరాల్లో కౌన్సెలర్ ఉద్యోగాలకు కొదవ లేదని మీ చదువుల పేజీలో రాశారు. నిజమే, లేదు. ఎంఏ పూర్తిచేసి నగరానికి వచ్చిన రెండు నెలల్లో నేను ఆరు ఇంటర్వ్యూలకు వెళ్లాను. వాటిలో నాలుగు చోట్ల కౌన్సెలర్ పని అంటే తల్లిదండ్రులకు ఫోన్లు చేసి కాలేజీ సీట్లు అంటగట్టడం! నెలకు ఎన్ని అడ్మిషన్లు తేగలవని ఒకాయన అడిగారు. నేను చదివిన ఏ పేపర్లోనూ దానికి జవాబు లేదు.

అయిదోది నిజంగా మానసిక చికిత్స కేంద్రమే. సోమవారం చేరితే మంగళవారం నుంచి గదిలో ఒక్కదాన్నే కూర్చుని వచ్చినవారితో మాట్లాడాలట. నా పనిని చూసే సీనియర్ ఎవరని అడిగితే, “మీరు ఎంఏ చేశారు కదా!” అన్నారు. చేశాను. కుంగుబాటు లక్షణాలు పరీక్షలో వరసగా రాయగలను. కానీ ఎదురుగా కూర్చున్న మనిషి చనిపోవాలని ఉందంటే ఆ తర్వాత ఏమి అడగాలి, ఎప్పుడు వైద్యుడి దగ్గరికి పంపాలి? అది అనుభవజ్ఞుల పక్కన కూర్చుని నేర్చుకోవలసిన పని. చాలా దేశాలు క్లినికల్ సైకాలజిస్టులకు పర్యవేక్షణలో శిక్షణ, ఆపైన రిజిస్ట్రేషన్ తప్పనిసరి చేసింది అందుకే. ఆ ఉద్యోగం వదులుకున్నాను. ఇంట్లో ఇప్పటికీ దెప్పుతుంటారు. (మందులు రాసేది సైకియాట్రిస్టు, నేను కాదు అని బంధువులకు చెప్పడం కూడా మానుకున్నాను.)

పైగా సైకాలజీ అంటే చికిత్స ఒక్కటే అన్నట్టు రాస్తారెందుకు? అమెరికన్ సైకాలజిస్టు లైట్నర్ విట్మర్ 1896లో ఫిలడెల్ఫియాలో తొలి సైకాలజీ క్లినిక్ పెట్టినప్పుడు అక్కడికి వచ్చిన మొదటి పిల్లవాడి ఇబ్బంది స్పెల్లింగ్. ఆ పిల్లవాణ్ని తీసుకొచ్చింది టీచరు.

ఆరో ఇంటర్వ్యూలో దొరికిన ఉద్యోగంలోనే ఇప్పుడున్నాను. సర్వేలకు ప్రశ్నలు రాయడం, వచ్చిన జవాబులను లెక్కగట్టడం నా పని. ‘ధర, నాణ్యత నచ్చాయా?’ అని అడిగితే ‘అవును’ అన్నది దేనికో తెలియదు కాబట్టి రెండు ప్రశ్నలుగా విడగొడతాను. తరగతిలో మేమంతా తిట్టుకున్న స్టాటిస్టిక్స్ పేపరే ఇక్కడ కూడు పెడుతోంది.

ఈసారి ఇలాంటి వ్యాసం వేసేటప్పుడు ఏ పనికి ఎంఏ సరిపోతుందో, దేనికి మరికొన్నేళ్ల శిక్షణ కావాలో విడివిడిగా రాయించండి. సీట్లు అమ్మేవారి ‘కౌన్సెలర్ కావలెను’ ప్రకటనలు మీ పత్రికలోనూ వస్తున్నాయి. వాటిని సేల్స్ ఉద్యోగాల కింద వేయండి.

– ఒక పాఠకురాలు