పద్దుల చర్చ రోజున అడిగేవాళ్లు సభలో ఉండాలి

సంపాదకుడు గారికి,

నేను 2024లో రిటైరైన ఉపాధ్యాయుడిని. నాకు రావాల్సిన సొమ్ము బిల్లుకు ట్రెజరీలో టోకెన్ నంబర్ వచ్చింది, డబ్బులు రాలేదు. నంబర్ రాసిచ్చిన చీటీ మడతల దగ్గర చిరిగిపోతే టేపు అతికించి దాచుకున్నాను. ఎప్పుడు వెళ్లి అడిగినా 'బడ్జెట్ రిలీజ్ కాలేదు సార్' అనే అంటారు. కేటాయింపు వేరు, విడుదల వేరు అని నాకు అక్కడే అర్థమైంది.

ఈ తేడాను మంత్రిని నిలదీసి అడగాల్సిన చోటు మన తెలంగాణ శాసనసభ. రాజ్యాంగం 203వ అధికరణం ప్రకారం పద్దును, అంటే ఒక శాఖ ఖర్చుకు ప్రభుత్వం సభను అడిగే మొత్తాన్ని, ఆమోదించడమే కాదు, తగ్గించే, తిరస్కరించే అధికారం కూడా సభకు ఉంది. కానీ సరిగ్గా ఆ సమయానికి అడిగేవాళ్లు బయట ఉంటున్నారు. 2018 మార్చి 13న 11 మంది కాంగ్రెస్ సభ్యులను సస్పెండ్ చేశారు, మరో ఇద్దరి సభ్యత్వమే రద్దు చేశారు. రెండు రోజులకు బడ్జెట్ పెట్టారు. 2022 మార్చి 7న, బడ్జెట్ పెట్టిన రోజే, ముగ్గురు బీజేపీ సభ్యులను సమావేశాలు ముగిసేదాకా పంపేశారు. 2025 మార్చి 13న బీఆర్‌ఎస్ సభ్యుడు జగదీశ్‌రెడ్డి వంతు వచ్చింది, 19న బడ్జెట్ వచ్చింది. అధికారంలో పార్టీ మారినా పద్ధతి మారలేదు.

సభ్యుల తప్పు లేదని నేను అనను. 2018లో గవర్నర్ ప్రసంగం వేళ హెడ్‌ఫోన్ విసరడం ముమ్మాటికీ తప్పు. వాకౌట్ చేసి మీడియా పాయింట్ దగ్గర ఎంత గట్టిగా మాట్లాడినా మంత్రి జవాబు చెప్పనక్కర్లేదు. సభలో అడిగితేనే ఆ మాట రికార్డుకెక్కుతుంది.

2023 జనవరిలో బడ్జెట్‌కు గవర్నర్ అనుమతి రాలేదని ప్రభుత్వం హైకోర్టుకు వెళ్లింది. అక్కడే ఇరుపక్షాలు రాజీకి వచ్చాయి, ఫిబ్రవరి 6న బడ్జెట్ పెట్టారు. రాజ్‌భవన్‌తో మాట్లాడుకుని సర్దుకోగలిగినప్పుడు, ఎదురుగా కూర్చున్న సభ్యులతో ఎందుకు కుదరదు?

ఆర్థిక సంవత్సరం ముగిసే మార్చి 31 ముంచుకొస్తోందంటూ అనేక శాఖల పద్దులు ఒకే రోజు కలిపి చర్చకు పెట్టడం నాకు బాధ కలిగిస్తుంది. పార్లమెంటులో 1993 నుంచి శాఖలవారీ స్థాయీ సంఘాలు పద్దులను పరిశీలిస్తున్నాయి. కేరళ శాసనసభలో ఆ పని సబ్జెక్ట్ కమిటీలు చేస్తాయి. ఇలాంటి సంఘాల సమావేశాల్లో టీవీ కెమెరాలు లేకపోవడంతో అరుపులు తగ్గి, లెక్కల మీద మాటలు పెరుగుతాయి. మనకూ అలాంటివి కావాలి. ఏ సభ్యుడిని సస్పెండ్ చేసినా పద్దుల చర్చకు మాత్రం రానివ్వాలని స్పీకర్ గారిని, అన్ని పక్షాలను వేడుకుంటున్నాను.

వచ్చే సమావేశాల్లో ఎవరైనా ఒక సభ్యుడు ఈ ఒక్క ప్రశ్న అడగాలి: రిటైరైన ఉద్యోగుల బకాయిలకు ఏ నెలలో ఎంత విడుదల చేశారు, ఇంకా ఎన్ని టోకెన్లు పెండింగ్‌లో ఉన్నాయి? జవాబు వచ్చేదాకా ఆ సభ్యుడు సభలోనే ఉండాలి.

— ఒక విశ్రాంత ఉపాధ్యాయుడు, నల్లకుంట, హైదరాబాద్