కీర్తనలు చదివించుకున్న మామ్మగారికి, ఇంకొందరికి

ఈ నాలుగు మాటలూ ఎదురుగా నిలబడి చెప్పబోతే గొంతు పట్టేస్తోంది. అందుకే రాస్తున్నాను. పేర్లు రాయను. చదివితే ఎవరి సంగతో వారికి తెలిసిపోతుంది.

నేను సంఘానికి దూరమైన సంగతి చాలామందికి తెలుసు. ఎందుకన్నది తెలియదు. ఆ మాటకొస్తే నాకూ సరిగ్గా తెలియదు. ఎవరితోనూ గొడవ పడలేదు, ఏ పుస్తకమో చదివి దేవుడు లేడని తేల్చుకోనూలేదు. పన్నెండేళ్ళు ఆదివారం ఆరాధనలో కీబోర్డు వాయించాను, సండే స్కూల్ పిల్లల చేత వాక్యాలు కంఠతా పట్టించాను. ఒక రోజు పాట మధ్యలో గమనించాను. వేళ్ళు వాయిస్తున్నాయి, పెదవులు పాడుతున్నాయి, ముందు వరసలో ఎవరో కళ్ళు తుడుచుకుంటున్నారు, నా లోపల మాత్రం తాళం వేసిన ఇల్లులా ఉంది. అలాగే ఏడాది పైనే నెట్టుకొచ్చాను. తర్వాత ఒక ఆదివారం జ్వరమొచ్చి వెళ్ళలేదు. పై ఆదివారం జ్వరం లేదు. అయినా వెళ్ళలేదు.

"విశ్వాసంలో చల్లారిపోయింది" అన్నారు కొందరు. దాచిపెట్టిన పాపమేదో ఉండుంటుంది, ఒప్పుకుంటే ఆనందం అదే తిరిగొస్తుందని ఒకరు గంటసేపు ఫోన్లో చెప్పారు. నమ్మి, రాత్రుళ్ళు కూర్చుని వెతుక్కున్నాను కూడా. దొరికినవన్నీ ఒప్పుకున్నాను, చిన్నప్పుడు చెల్లెలి పెన్సిల్ దాచినదాంతో సహా. ఏమీ మారలేదు. వాళ్ళ మీద కోపం లేదు, ప్రేమతోనే చెప్పారు. కాకపోతే అసలే నిద్ర లేని మనిషికి అది ఇంకో రాత్రి పని అవుతుంది.

పాస్టరు గారికి వందనాలు. మీ దగ్గరికి వచ్చిన రోజు పెద్ద సంజాయిషీ తయారుచేసుకుని వచ్చాను. మీరు అంతా విని, "రాత్రిళ్ళు నిద్ర పడుతోందా అమ్మా?" అని అడిగారు. అంతే, తయారుచేసుకున్నదంతా మర్చిపోయి ఏడ్చాను. బైబిల్లో ఏలీయా ప్రవక్త చచ్చిపోతే బాగుండునని బదరీ చెట్టు కింద పడుకుంటే, దేవదూత అతన్ని మందలించలేదనీ, రొట్టె, నీళ్ళు పెట్టి మళ్ళీ పడుకోనిచ్చాడనీ, అదీ ఒకసారి కాదు, రెండుసార్లనీ చెప్పారు. ఆ అధ్యాయం నేనే పిల్లలకు ఎన్నిసార్లు చెప్పానో! రొట్టె సంగతి ఎప్పుడూ గబగబా దాటేసేదాన్ని. డాక్టరు దగ్గరికి వెళ్ళమన్నదీ మీరే. మందులతో నిద్ర వచ్చింది, ఒంట్లో ఓపిక వచ్చింది. వెలితి అలాగే ఉంది. రెండూ ఒకటి కాదని అప్పుడు తెలిసింది. అలసట తీరాక ఆ వెలితిని కాస్త నింపాదిగా చూడగలిగాను.

ఎవాగ్రియస్ గురించి చెప్పినందుకు కూడా. నాలుగో శతాబ్దంలో ఐగుప్తు ఎడారిలో సన్యాసిగా బతికి, 399లో చనిపోయిన ఆయన నా ఆదివారాలను చూసినట్టే రాశాడు. మధ్యాహ్నం పూట సూర్యుడు కదలడు, పగలు యాభై గంటలున్నట్టు అనిపిస్తుంది, ఎవరైనా వస్తారేమోనని సన్యాసి మాటిమాటికీ బయటికి చూస్తాడు, ఉన్న చోటు మీద, చేస్తున్న పని మీద విసుగు పుడుతుంది. మన బైబిల్లో 91వ కీర్తనలో "మధ్యాహ్నమందు పాడుచేయు రోగము" అని ఉన్నదాన్ని వాళ్ళు చదివిన గ్రీకు బైబిల్లో మధ్యాహ్నపు దయ్యం అని చదువుకునేవారట. దయ్యం సంగతి ఎలా ఉన్నా, నా జబ్బుకు పదహారు వందల ఏళ్ళ వయసుందని విని చాలా నెలల తర్వాత నవ్వాను. మదర్ థెరిసా ఉత్తరాల సంగతి మాత్రం నాకు పడలేదు పాస్టరు గారూ. ఆమె పోయిన పదేళ్ళకు, 2007లో అచ్చైన ఆ ఉత్తరాల్లో దేవుడు దూరమైపోయాడనిపించే దాదాపు యాభై ఏళ్ళ చీకటి ఉంది. ఓదార్పుకని మీరు చెప్పారు. నేను ఇంటికొచ్చి నా వయసుకు యాభై కలుపుకుని భయపడ్డాను.

విశ్వాసం పూర్తిగా వదిలేసిన నా స్నేహితుడికి కూడా కృతజ్ఞతలు. "ఇప్పటికైనా తెలిసొచ్చిందా" అని ఒక్కసారి కూడా అనలేదు. నన్ను తన వైపుకి లాగలేదు, వెనక్కీ తొయ్యలేదు. "నువ్వు ఏడుస్తున్నావంటే అక్కడ నీదేదో ఇంకా ఉంది కదా" అన్నాడు. సంఘంలో ఎవరూ చెప్పని మాట అది.

అమ్మకు... ఆదివారం పొద్దున్న నా గది తలుపు కొట్టడం మానేసినందుకు. అది నీకెంత కష్టమో తెలుసు.

ఇక మామ్మగారు. నాకు బంధువు కారు. సంఘంలో కిటికీ పక్కన కూర్చునే పెద్దావిడ. ఒక సాయంత్రం ఫోన్ చేసి, "కళ్ళకు అక్షరాలు ఆనడం లేదమ్మా, రోజుకో కీర్తన చదివి పెడతావా?" అన్నారు. నాకు నమ్మకం పోయింది, ఇంకెవరినైనా అడగండి అన్నాను. "నమ్మకం ఉందా అని అడగలేదు, కళ్ళున్నాయా అని అడిగాను" అన్నారు. ఇంక ఏం మాట్లాడతాను?

మొదటి కీర్తనతో మొదలుపెట్టాం. వార్తలు చదివినట్టు చదివేదాన్ని. 13వ రోజు మాత్రం ఆగిపోయాను. "యెహోవా, ఎన్నాళ్లవరకు" అని మొదలవుతుంది ఆ కీర్తన. ఉన్నవే ఆరు వచనాలు. రాసినాయన నాలుగు వచనాలు మొరపెట్టుకుని, ఐదో వచనంలో ఉన్నట్టుండి సంతోషించేస్తాడు. నాకు ఒళ్ళు మండింది. ఇంత తొందరగా ఎలా తేరుకున్నాడండీ అని అడిగాను. "నాలుగుకీ ఐదుకీ మధ్య ఎన్నేళ్ళు పట్టిందో ఎవరు రాశారు?" అన్నారు మామ్మగారు, తర్వాత దగ్గు వచ్చి ఫోన్ పెట్టేశారు.

88వ కీర్తనలో తేరుకోవడమే లేదు. చివరి వచనం దగ్గర నోరు రాలేదు. చదవకుండా, అయిపోయిందండీ అన్నాను. ఒక్క క్షణం ఆగి, "చీకటియే నాకు బంధువర్గమాయెను" అని ఆవిడే పూర్తిచేసి, "ఒక మాట మింగేశావమ్మా" అన్నారు. అంటే ఆవిడకు అది కంఠతా వచ్చు. మరి మిగతావి? అడగలేదు. ఇప్పటికీ అడగలేదు. ఆ రాత్రి మాత్రం నా మాటలే ఇంకెవరో ముందుగా దేవుడితో అనేసి, ఆ కాగితం ఎవరూ చింపకుండా బైబిల్లో ఉంచేశారనిపించింది. ప్రార్థన అనొచ్చో లేదో గానీ, దీపం ఆర్పాక "అవును" అన్నాను. రెండేళ్ళలో పైకి చూసి అన్న మొదటి మాట అదే.

119వ కీర్తనకు 176 వచనాలు. రోజుకు ఎనిమిది చొప్పున 22 రోజులు. అక్కడ ఇద్దరం విసుక్కున్నాం, దాచడమెందుకు. మధ్యలో తప్పిన రోజులతో కలిపి 150 పూర్తయ్యేసరికి ఆరు నెలలు దాటింది. నేను హమ్మయ్య అనుకునేలోపే, "రేపు మొదటిది" అన్నారు.

నేను తిరిగొచ్చేశానని సాక్ష్యం చెప్పమని అడుగుతున్నారు. చెప్పలేను. మూడు ఆదివారాల్లో రెండు వస్తున్నాను, చివరి వరసలో కూర్చుంటున్నాను, పాడబుద్ధి కాని పాటకు ఊరుకుంటున్నాను. రొట్టె, ద్రాక్షరసం తీసుకునే ప్రభువు బల్ల దగ్గరికి ఇంకా రావడం లేదు. కీబోర్డు దగ్గర ఇప్పుడు కూర్చుంటున్న అబ్బాయి నాకన్నా బాగా వాయిస్తున్నాడు, అతన్ని లేపకండి. నేను కనిపించినప్పుడు గబగబా వచ్చి చుట్టుముట్టకుండా, కాస్త జరిగి చోటిచ్చిన వాళ్ళందరికీ కూడా నా వందనాలు.

ఈ రోజు 42వది, దుప్పి నీటివాగుల కోసం ఆశపడే కీర్తన. పోయినసారి అది ఎలా చదివానో కూడా గుర్తులేదు. ఫోన్ మోగుతోంది. మామ్మగారే అయ్యుంటారు, పది నిమిషాలు ఆలస్యం చేశాను.